పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు

ఆ శరదృతువులో నేను దేశమంతా తిరిగి ఒకే అబద్ధాన్ని మూడు యాసల్లో విన్నాను. కాలేజీ పిల్లలు ఏ ప్రాంతంలో ఏ మత్తుకి ఎంతగా అలవాటు పడ్డారో కనుక్కుని రాయడం మా ఆఫీసు పని. ఒష్‌లో ఒక ప్రిన్సిపాలు నాకు టీ పోసి, ఎండుద్రాక్ష పెట్టి, "మా దక్షిణాది పిల్లలు దైవభక్తి గలవాళ్ళమ్మా, అలాంటివన్నీ రాజధానిలో" అన్నాడు. ఆయన కిటికీ కిందే కుర్రాళ్ళు నాస్వాయ్ పొగాకు పచ్చటి ఉండలు పెదవి కింద దోపుకుని ఉమ్ముతున్నారు. నరాల నొప్పికిచ్చే మాత్రల ఖాళీ రేకులు పక్క కాలవలో తేలుతున్నాయి. తలాస్‌లో ఇంకొకాయన, "గంజాయి మొక్కని దేవుడు మొలిపించాడు, మేమేమైనా నాటామా?" అని నన్నే అడిగాడు. రాజధాని బిష్కెక్‌లో డీన్ గారైతే ఇదంతా పల్లెల నుంచి వచ్చేవాళ్ళు మోసుకొచ్చే రోగమని తేల్చేశారు. ఆయన కాలేజీ గోడ మీదే మత్తు పొడి అమ్మేవాడి ఫోను నంబరు రంగుల్లో రాసి ఉంది. సున్నం కొట్టిస్తే మర్నాటికి మళ్ళీ రాసేస్తున్నారట. ఆ సంగతి నాకు చెప్పింది ఆయన కాదు, వాచ్‌మన్.

పేరు రాయనక్కరలేదు, నిజం రాయండి అని నేను పిల్లలకి కాగితాలు పంచుతుంటే, డీన్ గారు చేతులు వెనక్కి కట్టుకుని వాళ్ళ భుజాల మీంచి తొంగి చూస్తూ వరసల మధ్య తిరిగారు. ఇంక ఆ కాగితాల్లో నిజమెక్కడిది? ఎవరి కంపు వాళ్ళకి ఇంపు అంటారు. వీళ్ళకి అసలు ముక్కులే లేవనుకున్నాను. ఆ మంటతోనే దుంపలు తవ్వడానికి మా ఊరెళ్ళాను.

మా ఊరు ఇస్సిక్-కుల్ సరస్సుకి తూర్పున. సెప్టెంబరు వచ్చిందంటే ఎక్కడెక్కడి పిల్లలూ ఇంటికొచ్చి బంగాళాదుంపల చేలల్లో దిగాల్సిందే. చదువులు, ఉద్యోగాలు అన్నీ ఆ తర్వాతే. బిష్కెక్‌లో ఇంజనీరింగు చదువుతున్న మా తమ్ముడు ఎర్మెక్ నాకంటే ముందే వచ్చి ఉన్నాడు.

చేను గట్టున నిలబడి అమ్మ మురిసిపోతోంది. "చూడవే బురుల్, ఎలా తవ్వుతున్నాడో. యంత్రం అక్కర్లేదు మనకి."

నేను చూశాను. వాడు పార దించుతున్నాడు, తీస్తున్నాడు, పక్క సాలులోకి వెళ్ళిపోతున్నాడు. తవ్విన దుంపల్ని ఏరడం లేదు. సగం దుంపలు పార అంచుకి ముక్కలైపోతున్నాయి. అంత ఎండలోనూ చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకున్నాడు. దవడ ఆగకుండా ఆడుతోంది, నోట్లో ఏమీ లేదు. ఆ దవడని నేను దేశమంతా చూసి వచ్చాను. ఇంటి దుంపల చేలో కూడా చూడాల్సి వచ్చేసరికి నాకు ముందు కన్నీళ్ళు రాలేదు, ఒళ్ళు మండింది.

దగ్గరికెళ్ళి, "నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా?" అన్నాను.

"నిద్ర బద్ధకస్తుల పని అక్కా."

"ఉప్పేనా?" పిల్లలు ఆ పొడిని అలాగే పిలుస్తారు.

వాడు పార మీద గడ్డం ఆనించి నవ్వాడు. చిన్నప్పటి నవ్వే. "నీ ఉద్యోగాన్ని చేలోకి కూడా తెచ్చావా? మీ కాగితాలు మా కాలేజీలోనూ పంచారులే. 'ఎప్పుడూ వాడలేదు' అన్న చోట చక్కగా టిక్కు పెట్టాను. మా డీన్ భుజం తట్టాడు."

"సిగ్గులేదురా నీకు?"

"ఉంది కాబట్టేగా టిక్కు పెట్టింది."

ఆ తర్వాత తనంతట తనే చెప్పాడు. పరీక్షలప్పుడు మొదలైందట. రాత్రంతా చదువుకోవచ్చని హాస్టల్లో ఎవరో ఇచ్చారు. ఏ పార్కులో ఏ బెంచీ కింద దాచారో ఫోనుకి ఫోటో వస్తుంది, వెళ్ళి తెచ్చుకోవడమే. బజారుకెళ్ళి ఉల్లిపాయలు తేవడం కంటే తేలిక.

"తాత గంజాయి తాగేవాడు కదక్కా. అది గట్టు మీద ఉండేది. బుద్ధి పుడితే తాగేవాడు, లేకపోతే గొర్రెలు మేసేవి. ఇది అలా ఊరుకోదు. నేనెక్కడుంటే అక్కడికొచ్చి పిలుస్తుంది. ఇప్పుడు కూడా పిలుస్తోంది, నువ్వు మాట్లాడుతుంటే సగమే వినిపిస్తోంది."

"కారకోల్ ఆసుపత్రికి పోదాం పద. ఇవాళే."

వాడు మళ్ళీ పార అందుకున్నాడు. "పేరు రాసుకుంటారు" అన్నాడు. "ముందు అమ్మనడుగు."

పేరు రాసుకోవడమంటే మా దగ్గర చిన్న మాట కాదు. మత్తు రోగుల జాబితాలో పేరెక్కితే డ్రైవింగ్ లైసెన్సు రాదు, ప్రభుత్వ ఉద్యోగం రాదు. పొద్దున ఆసుపత్రిలో రాస్తే సాయంత్రానికి ఊరంతా చదువుతుంది. అందుకని పిల్లాడు చచ్చిపోతున్నా అంబులెన్సుకి ఫోను చెయ్యని ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళ గురించి నేను ఆఫీసులో పేజీలకి పేజీలు రాశాను.

ఇంట్లోకెళ్ళేసరికి అమ్మ పెనంలో దేవదారు రెమ్మలు కాల్చి, ఎర్మెక్ పక్కబట్టల చుట్టూ పొగ తిప్పుతోంది. దిష్టి తగిలిందట. అత్త కిటికీ పక్కన కూర్చుని తెల్లటి తలగుడ్డకి అంచు కుడుతోంది. బాత్మా అత్త మా నాన్నకి అక్క. నాన్న పోయాక మా ఇంట్లో ఏ కోడిని కొయ్యాలన్నా ఆవిడ మాటే.

"ఎవరికత్తా ఆ గుడ్డ?"

"మీ మరదలికి. ఎర్మెక్‌కి పెళ్ళి. పక్క ఊరి పిల్ల, పెరిజాత్. ఆదివారం కమ్మలు పెట్టి మాట ఖాయం చేసుకొస్తున్నాం. ఆడపడుచువి, నీ చేత్తోనే పెట్టాలి."

"వాడికేమైందో తెలుసా మీకు?"

"తెలుసు" అంది అత్త, దారం కొరుకుతూ. "నేనేమైనా గుడ్డిదాన్నా? పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు. మీ మామయ్య గంజాయి తాగేవాడు, నేనొచ్చాక మానెయ్యలేదూ?"

"మానలేదత్తా. పశువుల కొట్టంలోకి మార్చాడు. ఊరందరికీ తెలుసు, నీకు తప్ప."

"నోరు కడుక్కో."

"ఆ గంజాయి వేరు, ఈ పొడి వేరు. ముందు వైద్యం చేయించండి. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది మీ వ్యవహారం."

అత్త సూది గుడ్డకి గుచ్చి నావైపు తిరిగింది. నాకు అర్థం కాని లెక్క ఒకటి తనకి తెలుసన్నట్టు నెమ్మదిగా చెప్పింది. "ఆ పిల్ల నర్సు చదువుతోంది. ఊరికే చూశాననుకున్నావా? ఇంట్లోనే సూదులు వేస్తుంది, సెలైన్ ఎక్కిస్తుంది. ఏ పుస్తకంలోనూ పేరుండదు. మొగుడి గుట్టు పెళ్ళాం కడుపులోనే ఉంటుంది."

పరాయివాళ్ళ పిల్లని ఖర్చు లేని ఆసుపత్రిగా ఎంచుకున్నారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ పెనం పట్టుకుని అలాగే నిలబడి ఉంది.

"అమ్మా, నువ్వు ఒప్పుకున్నావా?"

"ఏడు తరాల పేర్లు చెప్పుకునే ఇల్లే ఇది" అంది అమ్మ. "ఆ జాబితాలో వాడి పేరు రాసి, పక్కన మీ నాన్న పేరు రాస్తారు. చచ్చినాయన పేరు అక్కడ ఎక్కించమంటావా?"

"బతికున్నవాడు చస్తే ఆ పేరు సమాధి రాయి మీద ఎక్కించు మరి."

అత్త లేచొచ్చి నా చెంప మీద కొట్టింది. నేనింకా చిన్నపిల్లనే ఆవిడ లెక్కలో. అమ్మ పొగ పెనం పట్టుకుని ఇంకో గదిలోకి వెళ్ళిపోయింది.

ఆదివారం నేను వెళ్ళనంటే వాళ్ళు నేను లేకుండానే కమ్మలు పెట్టేస్తారు. అందుకని వెళ్ళాను. కమ్మలు నా సంచీలోనే ఉన్నాయి. ముందు గదిలో నేల మీద గుడ్డ పరిచి వేయించిన పిండి ముక్కలు బూర్సోకులు, జామ్, మీగడ, తేనె సర్దారు. పెరడులో పొటేలు ఉడుకుతోంది. పెరిజాత్ తండ్రి తేనెటీగలు పెంచుతాడు, మాట తక్కువ మనిషి. మా అత్త అప్పటికే ఎర్మెక్ మార్కుల గురించి, మంచితనం గురించి ఎత్తుకుంది. నేను నీళ్ళు కావాలని వంటగదిలోకి జారుకున్నాను.

పెరిజాత్ పొయ్యి దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. పొట్టిపిల్ల, జుట్టు బిగించి కట్టుకుంది. తలుపు దగ్గరగా వేసి, "నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను.

"మీ తమ్ముడి సంగతైతే తెలుసక్కా" అంది, కత్తి ఆపకుండానే.

"ఎలా తెలుసు?"

"మీ అత్తయ్య కారకోల్ బజార్లో చూపించింది కదా. కోటు గుండీ పెట్టుకోవడానికి ఎంత అవస్థ పడ్డాడో చూశాను. మా కాలేజీలో అలాంటి వాళ్ళు మా బెంచీల్లోనే ఉన్నారు. మీ పెద్దవాళ్ళకి కనపడరు గానీ మాకు కనపడతారు."

"మరి మీ అమ్మకి చెప్పలేదేం?"

"చెప్పాను. వంకలు పెట్టకే అంది. పిల్ల చెబితే గారం, పిల్లాడింటివాళ్ళు చెబితే నిజం." అప్పుడు కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "మీ ఇంటి నుంచి ఒక్కరైనా నోరు విప్పుతారా అని చూస్తున్నాను. మీరు నాకు చెప్పి ఏం లాభం? నాకు తెలుసు. అక్కడ చెప్పండి."

ముందు గదివైపు గడ్డంతో చూపించి మళ్ళీ ఉల్లిపాయలు అందుకుంది. నాకు ఆ పిల్ల మీద కూడా కోపమొచ్చింది, అంత సులువుగా అనేసినందుకు.

కమ్మలు పెట్టే వేళ పెరిజాత్‌ని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెట్టారు. ఆడవాళ్ళంతా దగ్గరికి జరిగారు. నేను కమ్మల పొట్లం విప్పి, బూర్సోకుల పక్కన గుడ్డ మీద పెట్టాను.

"మా తమ్ముడు మత్తు పొడికి అలవాటు పడ్డాడు" అన్నాను పెరిజాత్ తండ్రితో. "వాడికి కావాల్సింది డాక్టరు. మీ అమ్మాయిని ఇవ్వకండి."

ఆయన చేతిలో రొట్టె ముక్కని సగం తుంచినది తుంచినట్టే కింద పెట్టాడు. మాంసం ఇంకా వడ్డించనేలేదు. అయినా రెండు చేతులూ ఎత్తి మొహానికి రాసుకుని భోజనం ముగింపు దీవెన చెప్పేశాడు. ఇక లేవండి అని అర్థం. మేమూ చేతులు మొహాలకి రాసుకుని లేచాం.

కారులో అత్త తిట్టిన తిట్లు రాస్తే ఈ కథ చాలదు. పుట్టింటికి నిప్పు పెట్టినదానివన్నది, చదువు చెప్పించడమే పొరపాటన్నది, నీకు పిల్లలు పుట్టకపోవడం ఇందుకేనన్నది. అమ్మ మాత్రం కిటికీ అవతల కోసిన చేలు చూస్తూ కూర్చుంది. అమ్మ తిట్టినా బాగుండుననిపించింది.

ఇంటికొచ్చేసరికి ఎర్మెక్ గడప మీద కూర్చున్నాడు. వార్త మాకంటే ముందే వచ్చింది.

"అందరి ముందూ అన్నావటగా."

"అన్నాను. కోపమొచ్చిందా?"

వాడు బాగా ఆలోచించాడు. "లేదక్కా. ఇక ఎవరి ముందూ నటించక్కర్లేదు" అన్నాడు. పొద్దుగూకకముందే పడుకుని నిద్రపోయాడు. నేను కాసేపు వాడి పక్కన కూర్చున్నాను.

మర్నాడు వాణ్ణి కారకోల్ తీసుకెళ్దామని లేచేసరికి పక్క ఖాళీగా ఉంది. అత్త తెల్లవారుతూనే వాణ్ణి గొర్రెల కాపరులతో కొండ మీదకి పంపేసింది. కొండగాలికి అదే పోతుందట. నేను అరిచాను, గిన్నెలు విసిరాను, చివరికి నోరు నొప్పెట్టి బిష్కెక్ వెళ్ళిపోయాను. అక్కడ ఆఫీసులో మళ్ళీ లెక్కలు రాశాను, ఏ ప్రాంతంలో ఎంతమంది అని.

దుంపలు నేలమాళిగల్లోకి చేరి, కొండల మీద మొదటి మంచు పడ్డాక అమ్మ ఫోను చేసింది. నీ వాటా దుంపలు పట్టుకెళ్ళు అంది. ఇంకేమీ చెప్పలేదు. మధ్యాహ్నానికి కారులో వెళ్ళాను.

తలుపు తీసింది నేనెన్నడూ చూడని పిల్ల. తల మీద తెల్లటి గుడ్డ. అత్త అంచు కుట్టిన గుడ్డే. నన్ను చూసి కొత్తకోడళ్ళలా నడుము వంచి దణ్ణం పెట్టి, "రండి వదినా" అంది.

పేరు తుర్సునాయ్ అట. కొండలకి అవతల, నారిన్ వైపు పిల్ల. పశువుల కాపరుల ఇల్లు. మా ఊళ్ళో జరిగింది ఇంకా అక్కడికి చేరలేదు కాబట్టి, కొండ దిగిన ఎర్మెక్‌కి అక్కడి నుంచి పిల్లని తెచ్చి పెళ్ళి చేశారు. మూడు యాసల్లో నేను విన్న ఆ అబద్ధాన్ని మా అత్త పల్లకీ ఎక్కించి ఊరేగించిందన్నమాట. ఈ ప్రాంతంలో గుట్టు రట్టయితే ఆ ప్రాంతానికి పోతే సరి.

అత్త పొరుగింట్లో ఉంది. అమ్మ నా మొహం చూడకుండా బస్తాలు తేవడానికి మాళిగలోకి దిగింది. తుర్సునాయ్ సమోవార్ దగ్గర నాకు టీ పోస్తూ, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వదినా, ఒకటడగనా? ఆయన నిద్రపోడెందుకు? నాలో ఏమైనా లోపముందా?"

"ఎవరన్నారు లోపమని?"

"పెద్దత్తయ్య. పెళ్ళాం సరైనదైతే మగాడు నిద్రపోతాడు అంటోంది. మొన్న గోడలో మనుషులున్నారని సుత్తి తీసుకుని కొట్టాడు." ఆమె చూపించిన చోట గోడకి కొత్తగా మట్టి మెత్తి ఉంది. "తర్వాత నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. మంచివాడే వదినా. ఏమైందో చెప్పడు."

నేను చెప్పాను. పొడి ఏమిటో, ఎక్కడి నుంచి వస్తుందో, అది పట్టినవాడికి ఏం కనిపిస్తుందో, ఏ వైద్యం కావాలో. పెరిజాత్ సంగతీ చెప్పాను. ఆ పిల్ల టీ గిన్నె పట్టుకుని అంతా విన్నది.

"ఇంట్లో అందరికీ తెలుసా ఇది?"

"తెలుసు."

"అత్తయ్యకీ తెలుసా?" అమ్మ గురించి అడుగుతోంది.

"తెలుసు."

తుర్సునాయ్ చేతులు తుడుచుకుంది. "నన్ను మా ఇంటికి దింపుతారా?" అంది.

మేం గుమ్మం దగ్గరికి వచ్చేసరికి బాత్మా అత్త గేటు లోపలికి వస్తోంది. మా ఇద్దర్నీ, ఆ పిల్ల చేతిలోని చెప్పుల్నీ చూసింది. మెట్లెక్కొచ్చి, శాలువా సర్దుకుని, గడపకి అడ్డంగా పడుకుంది.

పెద్దావిడ గడప మీద పడుకుంటే దాటి వెళ్ళిన కోడలికి ఏడు తరాల శాపం. మా దగ్గర ఆడవాళ్ళని ఆపడానికి తాళాలెప్పుడూ అక్కర్లేకపోయింది. మా అమ్మని పెళ్ళి కోసం బలవంతంగా ఎత్తుకొచ్చిన రోజున నానమ్మ ఇదే గడప మీద ఇలాగే పడుకుందట. అమ్మ దాటలేదు.

"దాటి పో" అంది అత్త కళ్ళు మూసుకునే. "మీ అమ్మ కడుపు మాడాలనుకుంటే దాటి పో."

తుర్సునాయ్ నా వంక చూసింది. "అత్తా, కింద చల్లగా ఉంది, లే" అని నేను ముందు దాటాను. నా పాపమేదో నాకే తగలనీ అనుకున్నాను. వెనక్కి తిరిగి చెయ్యి చాచాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకోలేదు. పావడా కొంచెం పైకెత్తి పట్టుకుని, ఒక్కసారి కళ్ళు మూసుకుని, దాటింది.

అత్త ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి కొట్టం వెనక నుంచి ఎర్మెక్ వచ్చాడు. సగమైపోయాడు. గడప మీద అత్తనీ, కారు దగ్గర పెళ్ళాన్నీ, నన్నూ చూశాడు. వెళ్ళి గేటు గొలుసు తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచి, వచ్చి కారెక్కి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

"నిన్ను ఆసుపత్రి దగ్గరే దింపుతాను" అన్నాను. "అక్కడ పేరు అడుగుతారు."

వాడు అద్దానికి తల ఆనించుకున్నాడు. దిగలేదు.

నేను కారు తాళం తిప్పుతుండగా అమ్మ గుమ్మంలో కనిపించింది. చేతిలో తుర్సునాయ్ కోటు ఉంది. ఆ పిల్ల తొందరలో వదిలేసి వచ్చింది. అమ్మ గడప అవతల నిలబడి కిందకి చూసింది. "వదినా, లేవండి" అంది. అత్త కదల్లేదు. ఇన్నేళ్ళలో అమ్మ ఆవిడ ముందు వీపు తిప్పి నడిచిందే లేదు. ఇంకోసారి, "కాస్త లేవండి వదినా" అంది.

తర్వాత కోటు భుజాన వేసుకుని, గుమ్మం పట్టుకుని, ఒక కాలు, తర్వాత ఇంకో కాలు అవతలకి వేసి దాటొచ్చింది. కారు కిటికీలోంచి కోటు ఆ పిల్ల ఒళ్ళో పెట్టింది. ఎర్మెక్ వైపు చూసి, నాతో అంది.

"డాక్టరు పేరడిగితే తప్పు రాయించకు. వాళ్ళ నాన్న పేరుతో సహా సరిగ్గా రాయించు."